ఒక పక్క కోసిన వలయం

ముంపు తర్వాత 61వ ఏడు, జ్యేష్ఠం 4

కాంచన ఈ రోజు ఏడు బుట్టల నాచు దించింది. మునిగిన ఊళ్లో సినిమా హాలు మేడ మీద దొరికిందట. ఎర్రగా, మెత్తగా, ఇసుక లేకుండా ఉంది. ఇలాంటి నాచు ఉడికిస్తే జిగురు గాజులా తేటగా వస్తుంది. పళ్లెం కింద కాగితం పెడితే దాని మీది అక్షరాలు చదవొచ్చు. దాలినాయుడు ఒక పోగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇలాటిది సూసి రెండేళ్లయిపోనాది," అన్నాడు.

"మీకోసరమే మావా. మేడ మీద మోకాల్లోతు నీళ్లే ఉన్నాయి. ఈ ఎండకి నెలంతా అలగే ఉంటాది," అంది కాంచన. పడవ ఎవరో అడిగారని ఖాళీ బుట్టలు తీసుకుని పరుగున దిగిపోయింది. ఆ పిల్ల మెల్లగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

నా పేరు ఇప్పిలి సుభాషిణి. గట్టుపేట పరీక్షశాలకి పంతొమ్మిదేళ్లుగా పెద్దని. పెద్దనంటే, ఉన్నది ఇద్దరమే. నేనూ, జిగురు వండి పళ్లేలు కడిగే దాలినాయుడూ. రిజిస్టరులో అంకెలు మాత్రమే రాయాలి కాబట్టి తక్కినవి ఈ పుస్తకంలో రాసుకుంటాను.

పదిహేనో తారీఖున పైగడ్డ ఊరి నుంచి మందు విత్తులతో గాలి ఓడ వస్తుంది. ఆలోగా ఊరు ఒక మాట తేల్చుకోవాలి. మందు పులియబెట్టే తొట్టిలో ఈసారి ఏ విత్తు వేయాలి? ఆరేళ్లుగా తెల్ల మందే కాస్తున్నాం. మొదట్లో ఎలాంటి పుండైనా నాలుగు రోజుల్లో మానేది. ఇప్పుడు పదిమందిలో నలుగురికి తగ్గడం లేదు. పైగడ్డ వాళ్ల దగ్గర దానికి తోబుట్టువులు రెండున్నాయి, పసుపు మందు, ఎర్ర మందు. మూడూ ఒకే అణువుకి అక్కడొక కొమ్మ, ఇక్కడొక కొమ్మ మార్చి చేసినవి. మనకున్నది ఒక్క తొట్టి. ఒకసారి విత్తు వేశాక మూడేళ్లు అదే.

జ్యేష్ఠం 8

ఆసుపత్రిలో నలభైమంది పుళ్ల నుంచి తీసిన బ్యాక్టీరియా నలభై సీసాల్లో ఉంది. ఒక్కోదాన్ని ఒక్కో పళ్లెంలో జిగురు మీద పల్చగా పూశాను. దాని మీద మూడు మందుల్లో తడిపి ఆరబెట్టిన మూడు కాగితపు చుక్కలు, ఒకదానికొకటి నాలుగు వేళ్ల దూరంలో పెట్టాను. వెచ్చని అరలో ఒక రోజు ఉంచితే బ్యాక్టీరియా పెరిగి జిగురంతా మసకబారుతుంది. మందు పనిచేసిన చోట చుక్క చుట్టూ తేట వలయం మిగులుతుంది.

వలయం పెద్దదైనంత మాత్రాన ఆ మందు గట్టిదని కాదు. ఒక్కో మందు జిగురులో ఒక్కో వేగంతో పాకుతుంది. ఈ సంగతి ఊరి సభకి ప్రతిసారీ చెబుతాను, ప్రతిసారీ మరిచిపోతారు. అందుకే గొట్టాల పరీక్ష కూడా చేస్తున్నాను. మందుని సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం, అలా పల్చన చేసుకుంటూ పోయి, బ్యాక్టీరియా వేసినా ఏ గొట్టం దాకా తేటగా మిగిలిందో చూడాలి. ఎంత పల్చన చేసినా పనిచేసే మందు అంత మంచిది.

నలభై పళ్లేలు, నాలుగు వందల గొట్టాలు. నడుం పట్టేసింది. దాలినాయుడు అల్లం కషాయం ఇచ్చి, "కూకోండమ్మా, అవి ఎక్కడికీ పారిపోవు," అన్నాడు.

జ్యేష్ఠం 12

పసుపు మందు గెలిచింది. సగటు వలయం ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, ఎర్రదానికి పదిహేడు. అసలు సంగతి గొట్టాల్లో తేలింది. ఎర్రది ఎంత కావాలో అందులో ఎనిమిదో వంతు పసుపు చాలు. పైగా ఎర్రది కడుపులో తిప్పుతుందట, తొట్టిలో దిగుబడి కూడా సగమే. ఇంత తేడాతో తేలడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం అన్నం తింటుంటే నాకు తెలియకుండానే ఏదో పాట కూనిరాగం తీశానట, దాలినాయుడు చెప్పి నవ్వాడు.

ముప్పై ఒకటో పళ్లెం ఒక్కటే పాడైంది. వెచ్చని అరలోంచి దాన్ని ముందు తీసింది దాలినాయుడే. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని పిలిచాడు.

"అమ్మా, ఓపాలి ఇలా సూడండి. పసుపు సుక్క సుట్టూ గుండ్రం ఒక పక్క కోసీసినట్టున్నాది. తెల్ల సుక్క ఏపు."

నిజమే. వలయం అష్టమి నాటి చంద్రుడిలా ఉంది. చుక్క పెట్టేటప్పుడు నా చెయ్యి జారినట్టుంది, పసుపు చుక్క తెల్లదానికి రెండు వేళ్ల దగ్గరికి వచ్చేసింది. వలయాలు కొలిచే కన్ను యంత్రంలో పెట్టాను. 'ఆకారం గుండ్రంగా లేదు. తిరస్కరించాలా?' అని అడిగింది. అవునని నొక్కాను.

"మల్లీ ఏద్దుమా?" అన్నాడు దాలినాయుడు.

"ముప్పై తొమ్మిది చాలు నాయుడు గారూ. రేపే సభ. కడిగెయ్యండి."

ఆయన ఇంకాస్సేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మరిగే నీళ్లలో వేశాడు. రిజిస్టరులో రాశాను: '31. చుక్క జారింది. వదిలేశాం.'

జ్యేష్ఠం 13

సభ గంటలో ముగిసింది. పసుపు మందుకే అందరూ చేతులెత్తారు. సభ పెద్ద చింతాడ గౌరీపతి ఒక్క ప్రశ్న అడిగాడు.

"సుభాషిణమ్మా, తెల్ల బిళ్లలు ఇంకా రెండు వేల పైన ఉన్నాయి, ఆసుపత్రిలోనూ ఇళ్లల్లోనూ. వాటినేం సేద్దాం? పారబోసేద్దామా?"

"అక్కర్లేదు. పుండు పడగానే మొదటి రెండు రోజులు తెల్లది వేసుకోమనండి. తగ్గకపోతే ఆసుపత్రికి వచ్చి పసుపుకి మారొచ్చు. అలా అయితే పసుపు ఆదా అవుతుంది," అన్నాను.

మా ఊరికి ఉన్న ఒకే ఒక్క డాక్టరు ఎస్తేరు. వెనక వరసలో కూర్చుంది. "అది పరీక్షించావా అక్కా?" అని అడిగింది.

"దేన్ని?"

"ఒకదాని తర్వాత ఒకటి వేస్తే ఎలా ఉంటుందో."

"ఒకే తల్లి పిల్లలు ఎస్తేరూ. ఒకదానికొకటి అడ్డు రావు," అన్నాను. నవ్వాను కూడా. సభలో చాలామంది నాతో పాటు నవ్వారు.

సాయంత్రానికి అదే మాటతో ఇంటింటికీ కాగితం అచ్చు వేశారు. కింద నా సంతకం.

ఆషాఢం 21

పసుపు మందు మొదటి కాపు దిగి వారమైంది. వలలు అల్లే చోట చెయ్యి కోసుకుని మూడు నెలలుగా చీము కారుతున్న ముసలాయన అయిదు రోజుల్లో వేళ్లు ముడుచుకోగలుగుతున్నాడు. దారిలో ఆపి నాకు చెయ్యి చూపించాడు. ఎవరో గుమ్మంలో ఎండు చేపలు పెట్టి వెళ్లారు, పేరు చెప్పలేదు. పంతొమ్మిదేళ్లలో పరీక్షశాలకి ఎవరూ ఏమీ ఇచ్చిన జ్ఞాపకం లేదు. సగం దాలినాయుడికి ఇచ్చాను.

శ్రావణం 4

ఎస్తేరు వచ్చింది. ముగ్గురికి పసుపు మందు సరిగ్గా పట్టడం లేదని అంది. మొదట తగ్గుతుంది, రెండో రోజుకి మళ్లీ ఎర్రబడుతుంది. మోతాదు తక్కువైందేమో చూడమన్నాను. ఇద్దరు చక్కెర జబ్బువాళ్లని తెలిశాక నాకు మరీ ధైర్యం వచ్చింది. పళ్లేల లెక్క చూపించాను. ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది కానీ మొహంలో ఒప్పుకున్నట్టు కనపడలేదు.

శ్రావణం 9

నాచు రాలేదు. పదకొండు గంటలకి దాలినాయుడు కబురు తెచ్చాడు. మేడ మీద తుప్పు పట్టిన ఇనప చువ్వ కాంచన అరికాలిలో దిగిందట. దిగి నాలుగు రోజులైంది. వాళ్లమ్మ ఆదెమ్మ కాగితంలో రాసినట్టే రెండు రోజులు తెల్ల బిళ్లలు వేసి, వాపు తగ్గకపోతే నిన్న ఆసుపత్రికి మోయించుకొచ్చింది. పసుపు మొదలుపెట్టారు. ఎస్తేరు చీము తీసి మాకు పంపింది. సీసా చల్లని గదిలో పెట్టి, పరీక్ష తర్వాత చేద్దామనుకున్నాను. వేరే పని ఉంది.

శ్రావణం 11

ఆసుపత్రికి వెళ్లాను. కాంచన మంచం మీద కూర్చుని జొన్న జావ తాగుతోంది. జ్వరం లేదు. కాలు చూపించి, "సూడండి, మడమ దాకా దిగిపోనాది వాపు," అంది.

"ఇంకా పది రోజులు నీళ్లలో దిగకు."

"పది రోజులా? నాచు ముదిరిపోతాదమ్మా. ముదిరితే మావ నన్ను తిడతాడు."

ఆదెమ్మ పక్కన నేల మీద కూర్చుని ఉంది. కాంచనకి పెళ్లి కాలేదు, ఇంట్లో ఆ ఇద్దరే. "మందు మంచిదేనమ్మా," అంది ఆదెమ్మ, నాకు కృతజ్ఞత చెబుతున్నట్టుగా. "కాగితం ఇంట్లో గోడకి అంటించినాను. అందులో సెప్పినట్టే సేసినాను."

మంచి పని చేశావన్నాను.

శ్రావణం 14

పొద్దున్నే ఎస్తేరు తనే సీసా పట్టుకుని వచ్చింది. ఆయాసపడుతోంది.

"కాంచన మోకాలి దాకా ఎక్కింది. రాత్రి నుంచి మాట తేడాగా ఉంది. అక్కా, నువ్వు ఇరవై నాలుగు మిల్లీమీటర్లన్నావు. నేను నీ కొలత చూసి మందు వేస్తున్నాను. నాకు ఏదో ఒకటి చెప్పు."

రెండు పళ్లేలు వేశాను. ఒకదానిలో ఈ రోజు చీము, ఇంకొకదానిలో మొదటి రోజుది. చుక్కలు నాలుగు వేళ్ల దూరంలో పెట్టబోతుంటే దాలినాయుడు నా చెయ్యి పక్కన నిలబడ్డాడు. ఆయనెప్పుడూ పని మధ్యలో మాట్లాడడు.

"మొదటి రోజు దాన్లో సుక్కలు దగ్గరగా పెట్టండమ్మా. ఆ దినం జారినట్టు."

ఎందుకని నేను అడగలేదు. అప్పటికే అర్థమైంది. రెండు వేళ్ల దూరంలో పెట్టాను.

పరీక్షల కోసం పంపిన ఎర్ర మందు పొడి ఇంకా కొంచెం మిగిలి ఉంది. తూచితే తొమ్మిది మోతాదులకి సరిపోతుంది. ఫలితం కోసం ఆగకుండా ఎస్తేరు చేతిలో పెట్టేశాను. "ఇది మొదటి రోజే ఉంటే," అని మొదలుపెట్టి ఆమె ఆపేసింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

శ్రావణం 15

ఈ రోజు చీము పూసిన పళ్లెంలో పసుపు చుక్క చుట్టూ వలయమే లేదు. మసక చుక్క అంచుదాకా పాకింది. ఎర్ర చుక్క చుట్టూ మాత్రం తేటగా ఉంది.

మొదటి రోజు చీము పళ్లెంలో పసుపు వలయం ఉంది, పెద్దది. తెల్ల చుక్క వైపు మాత్రం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

ఇది చుక్క జారడం వల్ల వచ్చిన తప్పు కాదు. ఆ బ్యాక్టీరియాకి పసుపు మందుని తట్టుకునే విద్య ముందే ఉంది, నిద్రలో ఉంది. పసుపు ఒక్కటే ఎదురైతే ఆ నిద్రలోనే చచ్చిపోతుంది. తెల్లది తగిలితే లేచి కూర్చుంటుంది. మొదట లేచేవి కొన్నే, అందుకే పసుపుకి రెండు రోజులు వాపు తగ్గుతుంది; నిద్రలో ఉన్నవి చచ్చాక లేచినవే పెరిగి నిండుతాయి, వాటిని పసుపు ఏం చేయలేదు. రెండు మందుల్నీ దూరంగా పెట్టి, విడివిడిగా కొలిచినంత కాలం ఇది కనపడదు. పక్కపక్కన పెడితేనే కనపడుతుంది. నలభై పళ్లేల్లో ఒక్కటి ఆ మాట నాకు చెప్పింది. నేను కడిగించేశాను. గాలి ఓడ రావడానికి ఇంకా మూడు రోజులుండగా, ఒక్క రోజు పట్టే పరీక్ష మళ్లీ చేయలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకి కాంచన పోయింది. ఎర్ర మందు నాలుగు మోతాదులు పడ్డాయి.

శ్రావణం 17

నిన్నంతా, ఈ రోజంతా పాత నలభై సీసాలూ మళ్లీ పరీక్షించాం, చుక్కలు దగ్గరగా పెట్టి. పదమూడింటిలో వలయం ఒక పక్క కోసుకుపోయింది. కన్ను యంత్రం పదమూడింటినీ తిరస్కరించమంది. దాని తీగ పీకేసి స్కేలుతో కొలిచాను.

ఎస్తేరు జాబితా పంపింది. పసుపు పట్టనివాళ్లు ఎనిమిది మంది. ఎనిమిది మందీ ముందు తెల్లది వేసుకున్నవాళ్లే. కాంచనతో కలిపి ముగ్గురు పోయారు.

దాలినాయుడు పళ్లేలు కడుగుతూ, అటు తిరిగే మాట్లాడాడు.

"ఆ పళ్లెం సంగతి నాకూ మీకూనే తెలుసు. నాను సెప్పను. మీరు సెప్పమంటే సెప్తాను."

నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఒక పూటంతా ఆలోచించాను. కొత్త సంగతి బయటపడిందని సభకి చెప్పొచ్చు. ఇంతవరకూ ఎవరికీ తెలియని సంగతి, మేమే కనిపెట్టామని. అందులో అబద్ధం కూడా లేదు. జ్యేష్ఠంలో దాన్ని చూశానన్న ముక్క ఒక్కటి మానేస్తే చాలు.

శ్రావణం 19

సభలో చెప్పాను. ముప్పై ఒకటో పళ్లెం గురించి, దాలినాయుడు మళ్లీ వేద్దామా అని అడగడం గురించి, ఎస్తేరుని చూసి నవ్వడం గురించి కూడా. చెబుతుండగానే పోయిన ముగ్గురిలో ఒకాయన తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు.

పరీక్షశాల వేరే ఎవరికైనా అప్పగించమన్నాను.

"ఎవరికమ్మా?" అన్నాడు గౌరీపతి. కోపంగా కాదు, అలసటగా. "ఇంకొకరికి నేర్పించడానికి ఎన్నేళ్లు పడతాది? అన్నేళ్లూ మా పుళ్లు ఎవరు సూస్తారు? మీరు ఉండండి. ఉండి పని సెయ్యండి. ఇకమీదట ఎస్తేరమ్మ సంతకం కూడా ఉంటే గాని మీ కాగితం బయటికెళ్లదు."

నన్ను వెళ్లగొడతారనుకున్నాను. వెళ్లగొడితే బాగుండునని అక్కడ నిలబడి ఉన్నప్పుడే అనిపించింది.

వచ్చే ఏడు మాకు రావలసిన గాలిమర రెక్కలు వదులుకుంటే, మూడేళ్ల లెక్క చూడకుండా ఎర్ర విత్తు పంపుతామని పైగడ్డ వాళ్లు రేడియోలో ఒప్పుకున్నారు. అది ఆశ్వయుజంలో వస్తుంది. అప్పటిదాకా పసుపే గతి. పసుపు పనిచేయాలంటే ఊళ్లో ఒక్క తెల్ల బిళ్ల ఉండకూడదు.

శ్రావణం 21

తెల్ల బిళ్లలు ఎవరూ ఇవ్వడం లేదు. సభ మనుషులు ఇరవై ఇళ్లు తిరిగితే పదకొండు బిళ్లలు వచ్చాయి. నిరుడు దాచుకోమన్నారు, మొన్న వేసుకోమన్నారు, ఇప్పుడు ఇచ్చేయమంటున్నారు, రేపేం చెబుతారో అంటున్నారట. వాళ్లని తప్పు పట్టలేను. మూడు మాటలూ నావే.

సాయంత్రం ఆదెమ్మ ఇంటికి వెళ్లాను. వేరే ఎవరి నోటి నుంచో వినకముందే నేను చెప్పాలనుకున్నాను. గుమ్మంలో వల బాగుచేస్తోంది. పక్కన పీట వేసింది. నేను కూర్చోలేదు.

చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. చిన్న మాటల్లో చెప్పడానికి ప్రయత్నించాను. పళ్లెం, వలయం, తెల్లది పసుపుని పాడుచేయడం, నేను చూసి కూడా వదిలేయడం, కాగితం మీద సంతకం. ఆదెమ్మ చేతులు వల మీద ఆగిపోయాయి.

"అయితే ముందు పసుపే ఏసుంటే బతికేదా?"

"బతికే అవకాశం చాలా ఉండేది."

"తెల్లది ఏసినందుకే పోనాదా?"

"తెల్లది వెయ్యమని నేను రాసినందుకు."

"రాసింది నువ్వు," అంది ఆదెమ్మ. "ఏసింది నాను. ఒద్దమ్మా సేదుగుంది అంటే, ముక్కు మూసి నాలుగుసార్లు ఏసినాను. నా సేత్తో."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు. నా తప్పు నేను ఒప్పుకోవాలని వచ్చాను. ఒప్పుకుంటే ఆమెకి కనీసం నిజం తెలుస్తుంది, నన్ను తిట్టుకోవడానికి వీలవుతుందనుకున్నాను. అందులో సగం ఆమె నెత్తి మీద పెట్టి నిలబడ్డాను. నీ తప్పు కాదు ఆదెమ్మా అని రెండుసార్లు అన్నాను. ఆమె విన్నట్టు లేదు.

వల పక్కకి నెట్టి అడిగింది. "ఇంకా ఎవరిళ్లల్లో ఉన్నాయవి?"

"చాలా ఇళ్లల్లో. ఇవ్వడం లేదు."

లోపలికి వెళ్లి చిన్న డబ్బా తెచ్చింది. పద్నాలుగు బిళ్లలు. గోడకి అంటించిన కాగితం కూడా పీకి తెచ్చి, రెండూ నా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున్న రా. నాను అడుగుతాను."

భాద్రపదం 2

ఇంటింటికీ తిరగడం మొదలై ఈ రోజుతో పది రోజులైంది. గట్టుపేట మూడు వందల ఎనభై ఇళ్లు. ఆదెమ్మ ముందు నడుస్తుంది, నేను సంచీ పట్టుకుని రెండడుగులు వెనక. దారిలో నాతో మాట్లాడదు. నేనూ మాట్లాడించను. ప్రతి గుమ్మంలోనూ ఆమె అదే చెబుతుంది, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా.

"నాను సూరాడ ఆదెమ్మని. నా కూతురు కాంచన. కాలిలో సువ్వ దిగితే ముందు తెల్లవి ఏసినాను, తరవాత పసుపువి ఏయించినాను. రెండోది ముందు రెండు దినాలు పనిసేసి మానీసింది. పిల్ల పోనాది. మీ ఇంట్లో తెల్లవి ఉంటే ఈ అమ్మకి ఇచ్చీండి."

సభ మనుషులకి పదకొండు బిళ్లలిచ్చిన వీధిలో ఆమెకి నూట అరవై వచ్చాయి. బియ్యం కుండల్లోంచి, దూలాల సందుల్లోంచి, పసిపిల్లల ఉయ్యాల పరుపుల కింద నుంచి తీసిచ్చారు. కొందరు ఏడ్చారు. ఆమె ఏడవలేదు. మొదటి రోజు నేను ఏడిస్తే వెనక్కి తిరిగి, "నువ్వు సంచీ సూసుకో," అంది.

నా గురించి మాత్రం ఏ ఇంట్లోనూ చెప్పలేదు. సభలో విన్నవాళ్లకి ఎలాగూ తెలుసు. తెలియని ఇళ్లల్లో నన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిస్తే తాగలేకపోయేదాన్ని.

భాద్రపదం 5

పసుపు మందు ముందుగా, ఒంటరిగా వేసినవాళ్లు ఈ పదిహేను రోజుల్లో పదకొండు మంది. పదిమందికి తగ్గింది. పదకొండో ఆయన కాలు తీయవలసి వచ్చింది కానీ మనిషి దక్కాడు. ఎస్తేరు కాగితం పంపుతూ కింద రాసింది: 'ఇప్పుడు నువ్వు చెప్పింది నిలబడుతోంది అక్కా.' నన్ను ఓదార్చడానికే రాసిందని తెలుసు. చదివి దాచాను.

దాలినాయుడు నాచు కోసం తనే పడవ వేసుకుని వెళ్తున్నాడు. ఈ వయసులో వద్దంటే వినలేదు. ఆయన తెచ్చేది ఇసుకగా ఉంటుంది. నాలుగు నీళ్లు కడిగినా జిగురు మసకగానే వస్తోంది. ఇద్దరం ఆ మాట అనుకోము.

భాద్రపదం 6

ఈ రోజు చివరి వీధి. కొండ అంచున ఏడిళ్లు. ఆఖరి ఇంట్లో నెలల పిల్ల ఉన్న బాలింత తలుపు సగమే తీసింది. ఆదెమ్మ చెప్పాల్సింది చెప్పింది.

"నా దగ్గర ఆరే ఉన్నాయి. పిల్లకి ఏదైనా అయితే పొద్దుపోయాక ఆసుపత్రి దాకా ఎవరు మోస్తారు? నేనివ్వను," అంది ఆ బాలింత.

వేరే ఇళ్లల్లో ఎవరైనా అలా అంటే ఆదెమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పేది. ఇక్కడ అలా చెప్పలేదు. మెట్టు మీద కూర్చుంది.

"ఏ పొద్దైనా నన్ను పిలు," అంది. "కిందనే మా ఇల్లు. నాను మోస్తాను. నాకు ఇంట్లో పనేటీ నేదు."

ఆ బాలింత తలుపు పూర్తిగా తీసింది. లోపలికి వెళ్లి ఆరు బిళ్లలూ తెచ్చి ఆదెమ్మ చేతిలోనే పోసింది. ఆదెమ్మ వాటిని కాసేపు అరచేతిలో పట్టుకుని చూసి, సంచీలో వేసింది. మొత్తం పద్దెనిమిది వందల నలభై రెండు.

ఇద్దరం కలిసి దిగాం. ఎండ ఉంది. దారి రెండుగా చీలిన చోట ఆమె ఆగింది. రెండు వారాల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"పని అయిపోనాదా?"

"అయిపోయింది ఆదెమ్మా."

"అయితే ఇక మా ఇంటికి రాకమ్మా. ఎదురుపడితే మాటాడొద్దు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. "నిన్ను సూస్తే నాకు నా సెయ్యి గుర్తొస్తాది."

సరేనన్నాను. ఆమె అప్పటికే సముద్రం వైపు మెట్లు దిగుతోంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెల్లగా. కింద ఇల్లు చేరి తలుపు వేసుకునేదాకా అక్కడే నిలబడి చూశాను.